మహామండలేశ్వరుడనగా నెవడు?



కోస్గి పరిసర గ్రామములలో ముప్పదియైదు సంవత్సరములు తెలుగు పాఠములు చెప్పి విశ్రాంతి పొందియున్న యుపాధ్యాయుడను నేను. నేటి ప్రసంగమునకు విషయము మన దక్షిణ తెలంగాణమును పూర్వమేలిన మాండలికులు, వారి బిరుదములు. ఈ విషయమునే యెన్నుకొనుటకు కారణము నా వలన జరిగిన యొక యపరాధము. దానిని ముందుగా మనవి చేసికొందును.

సుమారు నలుబది యేండ్ల క్రిందట నేనొక చిన్న గ్రామమున నుద్యోగము చేయుచుంటిని. అచ్చటి చెరువుకట్టమీద, సగము మట్టిలో కూరుకొనిపోయిన యొక శాసనపు రాయి యుండెడిది. పైభాగమున సూర్యచంద్రులు, నడుమ లింగము, దాని కెదురుగా నంది చెక్కబడియుండెను. ఒకనాడు ఊరి పెద్దలు నన్నచ్చటికి తోడుకొనిపోయి, "అయ్యవారూ, మీరు శాస్త్రము చదివినవారు. మా చెరువు సంగతి యిందులో నేమైన నున్నదేమో చూచి చెప్పండి" అనిరి. రాతిని నీటితో కడిగించి, సుద్దపొడి రుద్ది, ఒక పూటంతయు కూర్చుండి చదివితిని. ఇరువది పంక్తులలో మొదటి పదునైదును బిరుదములే. దానమును, తిథిని చెప్పవలసిన కడపటి పంక్తులు పెచ్చులూడిపోయినవి. నేను లేచి చేతులు దులుపుకొని, "ఇందేమియు లేదు. ఉన్నదంతయు భట్టు పొగడ్త" అని చెప్పితిని. నా పుస్తకమున "శ్రీమన్మహామండలేశ్వర" అను నొక్క మాటను మాత్రము వ్రాసికొని యింటికి వచ్చితిని.

మరుసటి వేసవిలో చెరువు తూము మరమ్మతు జరిగినది. ఆ రాయి నాలుగు ముక్కలై తూముగోడలోనికి పోయినది. పని చేసినవారిని నిందింపజాలను. చదివినవాడే పనికిరాదన్న రాతిని వారేల కాపాడుదురు?

పిమ్మట ననేక సంవత్సరములు శాసన సంపుటములను చదివిన మీదట నాకు తెలిసివచ్చినదేమనగా, నేను పొగడ్తయని త్రోసివేసిన పదునైదు పంక్తులే యా రాతి ప్రాణము. తిథి పోయినను, దానము పోయినను, ఆ బిరుదములను బట్టి ఆ యూరు ఏ కాలమున నెవని యేలుబడిలో నుండెనో, ఆ యేలిక యెవనికి లోబడియుండెనో చాలవరకు నిర్ణయింప వీలుండెడిది. అది యెట్లో వివరించెదను.

పూర్వకాలపు రాజ్యము నేటివలె నొక కచేరీ నుండి వెలువడు ఉత్తరువులచే నడచునది కాదు. అది మెట్లుమెట్లుగా నుండెడిది. అన్నిటికిని పైమెట్టున నుండువాడు మహారాజాధిరాజ, పరమేశ్వర, పరమభట్టారక యను మూడు మాటలను ధరించును. అతని క్రింద మహామండలేశ్వరులు, వారికి దిగువ మాండలికులు, సామంతులు. సేనవైపున దండనాయకులు, గుఱ్ఱపుదళముల నేలు సాహిణులు, నాయకులు. అందఱికిని క్రింద, ప్రభువు ప్రాణమే తన ప్రాణముగా నెంచు లెంకలు, బంట్లు. ఇందు ప్రతి మాటయు ఒక మెట్టు. మెట్టు తప్పి వ్రాసికొన్నచో నది ధిక్కారము క్రింద లెక్క.

మహామండలేశ్వరుని పేరునకు ముందు తఱచుగా "సమధిగత పంచమహాశబ్ద" యను మాట కనబడును. శృంగము, తమ్మటము, శంఖము, భేరి, జయఘంట యను నైదు వాద్యములను తన ముందు మ్రోగించుకొను నధికారమును పొందినవాడని దీని యర్థము. "పొందిన" యను మాటను గమనింపుడు. పొందినవాడున్నచో నిచ్చినవా డొకడుండవలెను గదా! ఎంత గంభీరముగా వినబడినను, ఈ బిరుదము లోలోపల "నాకు పైన నొక ప్రభువు కలడు" అని యొప్పుకొనుచున్నది.

ఆ ప్రభువెవడో తెలిసికొనుటకును మార్గమున్నది. శాసనమున ముందుగా సార్వభౌముని బిరుదములు, అతని రాజ్యము వర్ధిల్లుచున్నదను వాక్యము వచ్చును. తరువాత "తత్పాదపద్మోపజీవి" యను పదము వచ్చును. అనగా నతని పాదపద్మముల నాశ్రయించి బ్రదుకువాడు. దాని వెనుక మాండలికుని బిరుదములు, అతని వెనుక దానము చేసిన యధికారి పేరు. మనము ఉత్తరముపై ఊరు, తపాలా, జిల్లా వరుసగా వ్రాయుదుము. శాసనపు బిరుదావళియు నట్టి చిరునామాయే. చిరునామాను చింపివైచి ఉత్తరమెవరిదని యడిగినవాడను నేను.

కాకతీయుల చరిత్రయే దీనికి మంచి నిదర్శనము. వారు మొదట రాష్ట్రకూటులను, పిమ్మట కల్యాణి చాళుక్యులను కొలిచిన సేనానులు. 1042 నుండి 1068 వఱకు నేలిన చాళుక్య త్రైలోక్యమల్ల సోమేశ్వరుడు మొదటి ప్రోలరాజునకు అనుమకొండ విషయమును వంశపారంపర్యముగా నిచ్చెను. నాటినుండి వారి శాసనములలో చాళుక్య ప్రభువు పేరు ముందును, కాకతీయుని పేరు వెనుకను నడచినవి. పిమ్మట 1163వ సంవత్సరమున రుద్రదేవుడు అనుమకొండ వేయిస్తంభముల గుడిలో గొప్ప శాసనమును నిలిపెను. అందును అతడు మహామండలేశ్వరుడే. బిరుదము మారలేదు. మారినదేమనగా, ముందుండవలసిన ప్రభువు పేరు లేదు, పాదపద్మముల మాట లేదు. స్వాతంత్ర్యము క్రొత్త మాటను చేర్చుటచే గాక, పాత మాటను విడుచుటచే ప్రకటింపబడినది. బిరుదములను దాటవేసి చదువువానికి ఈ సంగతి యెన్నటికిని తెలియదు.

ఇక మన సీమకు వత్తము. ఆ కాలమున నేటి మహబూబునగరము, నల్లగొండ ప్రాంతములలో పెక్కు భాగమును కందూరు చోడులు పాలించుచుండిరి. అడ్డాకుల ప్రక్కనున్న కందూరే వారికి పేరిచ్చిన స్థలము. పానగల్లు వారి ముఖ్య పట్టణములలో నొకటి. వారును కల్యాణి చాళుక్యులకు లోబడిన మహామండలేశ్వరులే. అనగా కాకతీయులును, కందూరు చోడులును నొకే మెట్టుమీద ప్రక్కప్రక్కన నిలిచినవారు. పైనున్న చాళుక్య సింహాసనము కదలినప్పుడు, ఒకే మెట్టుమీది యిద్దఱిలో నొక్కడే పైకెక్కగలడు. రెండవ ప్రోలరాజు గోవిందుని జయించి, ఉదయచోడునకు రాజ్యము నిలిపెనని 1163 నాటి శాసనము చెప్పుచున్నది. అతని కుమారుడైన రుద్రదేవుని కాలమున ఉదయచోడుడు భయముచేతనే మరణించెనని యా శాసనమే చెప్పుచున్నది. అది గెలిచినవారి మాటయని మనము జ్ఞాపకముంచుకొనవలెను.

తెలుగు చోడ వంశములవారు తాము కావేరికి కట్టలు కట్టించిన కరికాలుని సంతతివారమని చెప్పుకొనిరి. వారిలో పలువురు "ఒరయూరు పురవరాధీశ్వర" యని బిరుదము వహించిరి. ఒరయూరు తిరుచిరాపల్లి యొద్దనున్నది. మన మెట్టభూముల నేలిన యొక ప్రభువు ఆ పట్టణమును కన్నులార చూచియుండడేమో. ఇట్టి బిరుదము ఏలుచున్న యూరును గాక, వచ్చితిమని చెప్పుకొను నూరును తెలుపును. రేచర్ల రెడ్లు "ఆమనగంటి పురవరాధీశ్వరుల"మని చెప్పుకొనుటయు నిట్టిదే. మన యింటిపేర్లలో నూళ్లపేర్లు నిలిచియుండుట లేదా? తాత విడిచివచ్చిన యూరిని మనుమడు పేరులో మోయును.

కరికాలుని సంతతియన్న మాట నిజమో కాదో వాదింప నక్కఱ లేదు. ఆ మాటకు తగిన పనిని వారొకటి చేసిరి. కావేరికి కట్ట కట్టినవాని వంశమని చెప్పుకొన్న ఉదయచోడుడు పానగల్లులో ఉదయసముద్రమను చెరువును కట్టించెను. నల్లగొండకు పోయినవారు దానిని చూచియే యుందురు. ఆ చెరువు నేటి కాలువల పథకములో చేరి యింకను నీరు పట్టుచున్నది. బిరుదము పూర్వులనుండి తెచ్చుకొనవచ్చును. నీటిని మాత్రము తానే నిలుపవలెను.

వంశముచే వచ్చు బిరుదములుండగా, పనిచే వచ్చునవియు కలవు. కాకతి మహాదేవరాజు యుద్ధమున మడిసి, అతని కుమారుడు గణపతిదేవుడు దేవగిరి యాదవులకు చిక్కినప్పుడు, రాజ్యము చెదరిపోకుండ కాపాడినవాడు రేచర్ల రుద్రుడు. అందుచే నతడు "కాకతిరాజ్యభారధౌరేయ" యను బిరుదమును వహించెను. కాడిని మోయు నెద్దువలె రాజ్యభారమును మోసినవాడని భావము. తానే రాజు కాగల సమయమున కాడి మోసిన యెద్దుననిపించుకొనుట చిన్న విషయము కాదు. పాలంపేటలో 1213లో రామప్పగుడిని కట్టించినవా డితడే. ఆ గుడి 2021లో ప్రపంచ వారసత్వ స్థలముగా గుర్తింపబడినది.

గణపతిదేవుడు 1199 మొదలు 1262 వఱకు రాజ్యమేలెను. అతడు తీరప్రాంతపు దివిసీమను జయించినప్పుడు సేనను నడపిన మల్యాల చౌండసేనాని "దివిచూఱకార" యను బిరుదమును పొందెను. దివిసీమను కొల్లగొట్టినవాడని దాని యర్థము. ఈ మాట గెలిచినవానికి భూషణము. దివిసీమ వారికెట్లు వినబడెనో మనమూహింపవచ్చును. ఆ సీమను జయించిన పిమ్మట గణపతిదేవుడు అచ్చటి కన్యలను వివాహమాడి, వారి సోదరుడైన జాయపకు "గజసాహిణి" పదవినిచ్చెను. అతడు కాకతీయుల యేనుగుల దళమునకు నాయకుడై, నృత్తరత్నావళి యను నాట్యశాస్త్ర గ్రంథమును రచించెను. ఓడినవారిని మెట్టుమీద నిలిపి తనవారిగా చేసికొనుట పదవులవలన కలుగు ప్రయోజనములలో నొకటి.

మల్యాలవారి వంశమే మన సీమకును వచ్చినది. మల్యాల గుండ దండాధీశుడు బూదపురమున, అనగా నేటి భూత్పూరున నుండెను. అతని భార్య కుప్పాంబిక. ఆమె వర్ధమానపురపు గోన బుద్ధారెడ్డి కుమార్తె. ఆ బుద్ధారెడ్డియే రంగనాథ రామాయణకర్తగా ప్రసిద్ధుడు. భర్త మరణించిన పిమ్మట 1276లో కుప్పాంబిక యతని పేర దేవాలయమును నిలిపి, శాసనము వేయించెను. ఆ గోన వంశపు విఠలుడే ప్రతాపరుద్రుని కాలమున 1294లో రాయచూరు కోటగోడను కట్టించెను. నేటికిని ఆ కోటలో నొక మహాశిలపై నా శాసనము కలదు. మనము సంతకు పోవు దారులలో నిట్టి కథలు పడియున్నవి.

బిరుదములలో పైమెట్టు సంగతియే గాక క్రిందిమెట్టు సంగతియు ముఖ్యము. రుద్రమదేవి "రాయగజకేసరి" యని బిరుదము వహించి, పురుషనామముతో రుద్రదేవ మహారాజుగా రాజ్యమేలెను. అట్టి మహారాణి మరణమును మనకు తెలిపినది రాజకవి కాడు. నకిరేకలు ప్రాంతమున చందుపట్ల గ్రామములో 1289 నవంబరున పువ్వుల ముమ్మడి యను నొక సేవకుడు వేయించిన శాసనము. రుద్రమదేవికిని, సేనాని మల్లికార్జున నాయకునకును పుణ్యలోకప్రాప్తి కలుగుటకై యతడు భూమిని దానము చేసెను. ఆ చిన్న సేవకుడు తాను కొలిచినవారిని వరుసగా పేర్కొనియుండనిచో, ఆ రాణి తుదిదినములను గూర్చి మనకేమియు తెలియకయే పోయెడిది.

1323లో ఓరుగల్లు పడిపోయినది. దానిని మరల గైకొన్న ముసునూరి కాపయ నాయకుని 1357 నాటి పిల్లలమఱ్ఱి శాసనము "ఆంధ్రసురత్రాణ" యని కీర్తించుచున్నది. సురత్రాణుడనగా సుల్తానే. ఢిల్లీ సేనలను తఱిమినవాడు ఢిల్లీ ప్రభువు పదవినే తెలుగుచేసి ధరించెను. అధికారమెచ్చట నుండునో మాట యచ్చటికి పోవును. ఆ కాపయను జయించి రాచకొండ పద్మనాయకుడగు అనపోత నాయకుడు 1369 నాటికి "ఆంధ్రదేశాధీశ్వరు"డాయెను. పదవిని మోసినవాడు పోయినను పదవి యింకొకని భుజముపైకి మాఱును. ఈ రెండు శాసనములను ప్రక్కప్రక్కన నుంచి బిరుదములను మాత్రము చదివినను పండ్రెండేండ్ల చరిత్ర తెలియును.

ఇట్టి మెట్లు మన దేశమునందే కలవా యని మీరడుగవచ్చును. పడమటి సముద్రములో ఐర్లాండను ద్వీపము కలదు. అచ్చటి ప్రాచీనులు గేలిక్ భాష మాటాడెడివారు. వారి దేశమున పూర్వము ఒకేసారి నూటికి మించిన చిన్న రాజ్యములుండెడివి. ఒక్కొక్క తెగ రాజును "రీ" యనిరి. అట్టి రాజులు కొందఱిపై పెద్దరాజు, పెద్దరాజులపై మహారాజు నుండిరి. మన మాండలికుల వరుసయే యది. ఒక్కొక్క మెట్టువానికి మర్యాద వెల యింతయని వారి ధర్మశాస్త్రము నిర్ణయించినది. వాని నవమానించినవాడు ఆ వెలను చెల్లింపవలెను. రాజు పారయో, గొడ్డలియో పట్టి సామాన్యుని పని చేయుచు కనబడినచో వాని వెల సామాన్యుని వెలకు తగ్గునని యా శాస్త్రము చెప్పుచున్నది! చెరువు త్రవ్వించితినని రాతిపై చెక్కించుకొన్న మన ప్రభువులు ఈ మాట విన్నచో నవ్వుకొనియుందురు. పదునొకండవ శతాబ్దము నుండి, దేశమంతయు తనదే యని చెప్పుకొనియు నందఱి యంగీకారము పొందని మహారాజును వారు "ఎదురు గల రాజు" అని పిలిచిరి. ఇంత సత్యము పలికిన బిరుదము మన శాసనములలో నాకు కనబడలేదు.

ఆ దేశమున ఓనీల్ వంశపు పెద్దకు తల్లహోగ్ అనుచోట నొక రాతిపీఠముమీద పట్టము కట్టెడివారు. ఆ పీఠముపై కూర్చున్నవాడు తన సొంత పేరును విడిచి "ఓనీల్" అను నొక్క మాటనే బిరుదముగా ధరించును. ఇంగ్లండు రాజు 1542లో ఆ వంశపు పెద్దకు "ఎర్ల్" అను నాంగ్లేయ పదవినిచ్చి పాతపేరును మాన్పింపజూచెను. అయినను 1595లో హ్యూ ఓనీల్ మరల నా రాతిపై పాతబిరుదమునే ధరించెను. కడకు 1602లో ఆంగ్ల సేనాని మౌంట్‌జాయ్ ఆ రాతిని పగులగొట్టించెను. ఆ రాయి యేమో తెలిసియే యతడు పగులగొట్టించెను. మన చెరువుకట్ట రాయి తెలియకయే పగిలినది. శత్రువు చేసినపనిని మన యజ్ఞానము మనకు చేసిపెట్టినది. అయినను మాట చావలేదు. ఆ భాషలో నాయకునకు "తీషఖ్" అని పేరు. నేటి ఐర్లాండు ప్రధానమంత్రి పదవికి 1937 నుండి యదే పేరు.

మన సీమలోను ఆ వరుస చాలకాలము నడచినది. గద్వాల, వనపర్తి, ఆత్మకూరు, జటప్రోలు, గోపాలుపేట సంస్థానాధీశులు అసఫ్‌జాహీ ప్రభువుల క్రింద మాండలికులవలెనే యుండిరి. వనపర్తివారి "సవాయి" బిరుదమునకు ఒకటింబావు వంతని యర్థము. తోడివారికంటె పావు వంతు అధికుడని తాత్పర్యము. మన కోస్గి సాలార్‌జంగు వారి జాగీరు. సాలార్‌జంగనునది పేరు కాదు, యుద్ధమున సేనాపతియని యర్థమిచ్చు బిరుదము. 1853 మొదలు 1883 వఱకు హైదరాబాదు దివానుగా నున్న యా ప్రభువు పేరు మీర్ తురాబ్ అలీఖాన్. ఆ పేరు మన యూళ్లలో నెందఱికి తెలియును? బిరుదము మనిషిని మ్రింగివైచినది. 1949లో జాగీర్లు రద్దాయెను. 1950లో అమలులోనికి వచ్చిన రాజ్యాంగము, సైనిక విద్యా గౌరవములు తప్ప రాజ్యము వేఱు బిరుదముల నీయరాదని శాసించినది. వేయేండ్ల మెట్ల వరుస ఒక్క వాక్యముతో తీసివేయబడినది. పటేలు, పట్వారీ పదవులును పోయినవి. కాని "పటేలింటివారు" అని మనమింకను పిలుచుచునే యున్నాము.

పెద్దలారా, రాజులు పోయినందుకు విచారింపవలదు. ఆ మెట్ల బరువును క్రింద నుండి మోసినవారు మన తాతలే. అయితే వారు ఎవరికి పన్ను కట్టిరో, ఎవరి సేనలో నడచిరో, ఎవరి చెరువు నీరు త్రాగిరో చెప్పు కాగితము మనకు లేదు. ఉన్నది ఆ రాయి యొక్కటే.

కావున నా విన్నపము చిన్నది. మీ యూరి చెరువుకట్టమీదనో, గుడి ముంగిటనో, ఊరి వెలుపలి పొలముగట్టునో అక్షరములున్న రాయి కనబడినచో దానిని కదల్పనీయకుడు. దానిపై గుడ్డలుదుక నీయకుడు, గుణపము తాకనీయకుడు. మంచినీటితో మాత్రము కడిగి, ప్రొద్దుటి యేటవాలు వెలుతురులో మీ మనుమని చేతిఫోనుతో మొదటి పంక్తి నుండి కడపటి పంక్తి వఱకు చిత్రము తీయించి, పురావస్తు శాఖవారికి పంపుడు. దానభాగము పోయినదని, బిరుదములు మాత్రమే మిగిలినవని యెవడైన పండితుడు చెప్పినచో నమ్మకుడు. నేనట్లే చెప్పితిని.

ఆ గ్రామమునకు నేను మొన్నటి వేసవిలో మరల పోయితిని. చెరువులో నీరు తక్కువగా నుండెను. తూముగోడలో నాలుగు ముక్కలలో నొకటి యింకను పైకి కనబడుచున్నది. దానిమీద రెండు పంక్తులు మిగిలియున్నవి. ఈసారి రెండింటిని పూర్తిగా వ్రాసికొంటిని. "పాదపద్మోప" అను నంతవఱకు స్పష్టముగా నున్నది. ఎవని పాదపద్మములో చెప్పవలసిన ముక్క గోడలోపలి వైపునకు తిరిగియున్నది.

స్వస్తి.